అడుగున చిక్కనిది

కొండవ్వకు ఐదేళ్లు. తినడానికి వంద వంకలు. బెండకాయ జిగురంటుంది, తొక్కు కారమంటుంది, గటక ముద్ద పెద్దదైతే మూతి ముడుస్తుంది. "మనింట్ల దొరసాని పుట్టింది" అని నాయనమ్మ ఐలవ్వ దెప్పేది. తల్లి సాయవ్వే కాకిని చూపించి, పిచ్చుకను చూపించి, ఎట్లాగో నాలుగు ముద్దలు దింపేది.

ఆ ఎండాకాలం జొన్నలు గంప అడుగుకు చేరాయి. అరిగిపోయిన విసుర్రాయికి, సిద్దిపేట అంగడికి పోతున్న రాళ్లు కొట్టే వీరయ్యను పిలిచి ఉలితో గంట్లు కొట్టించారు.

"మొదలు ఇసిరిన పిండి బర్రె కుడితిల పొయ్యి. యాదికుంచుకో" అని చెప్పి ఐలవ్వ, కొడుకు దుర్గయ్యను తోడు తీసుకుని మద్దూరులో కూతురింటికి వెళ్లింది.

కొత్తగా గంట్లు కొట్టిన రాయి మొదట్లో పొడి రాలుస్తుందని సాయవ్వకు తెలియక కాదు. ఉన్నవే మూడు సోలలు. అందులో సోలెడు బర్రెకు పోయడానికి మనసొప్పలేదు. పిండిని రెండుసార్లు జల్లించి, ఇక చాలులే అనుకుంది.

అంబలి కాచి, పైతేట తాను తాగి, అడుగున చిక్కనిది బిడ్డ చిప్పలో పోసింది. కొండవ్వ ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది.

"అవ్వా, గిది కర్కర అంటుంది" అంది తల్లితో.

"నిన్న ఉప్పన్నవు, మొన్న పులుపన్నవు. ఇయ్యాల కర్కరనా?"

"నిజమవ్వా. పండ్లు జుమ్మంటున్నయి."

"నీ పండ్లల్ల కాదే, నీ నెత్తిల ఉన్నది కర్కర. నేను తాగలేదా?"

మరునాడూ అదే పాట. మూడోనాడు కూలికి పొద్దెక్కుతుంటే, సాయవ్వ బిడ్డను ఒళ్లో అడ్డంగా పడేసుకుని, ముక్కు పట్టి పోసింది. మింగేదాకా వదల్లేదు. కొండవ్వ ఏడవలేదు. మూతి తుడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

కుండ కడగబోతూ, అడుగున అంటుకున్నది పారబోయడమెందుకని సాయవ్వ వేలితో గీకి నోట్లో పెట్టుకుంది. పళ్ల కింద రాయి కరకరలాడింది. మళ్లీ గీకి, అరచేతిలో నీళ్లు పోసి వంపింది. బూడిదరంగు రాతిపొడి మిగిలింది.

మూడు రోజులూ తాను తాగింది తేట. మంచిదంతా బిడ్డకే దక్కాలని అడుగుదాకా తెడ్డు పెట్టి తోడింది. తోడి తోడి రాళ్లు పోసింది.

ఆరోజు కూలికి పోలేదు. మిగిలిన పిండిని కుడితిలో కలిపేసి, జొన్నలు పట్టుకుని విసురుకోవడానికి పొరుగింటి అనసూర్య దగ్గరికి వెళ్లింది.

"మీ రాయికి మొన్ననే గద గంట్లు కొట్టిచ్చిన్రు?" అంది అనసూర్య.

"మా పోరి సంగతి ఎరికే గదక్కా. ఏది పెట్టినా తినది."

ఆ మాట అన్నాక సాయవ్వకు విసురుతున్నంతసేపూ తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం కొత్త అంబలి చిప్పలో పోసి బిడ్డ ముందు పెట్టింది. కొండవ్వ తల్లి చేతులవైపు చూసింది.

"తాగుతనవ్వా. ముక్కు వట్టకు."

రెండు చేతులతో చిప్ప ఎత్తుకుంది.

"ఎట్లున్నదో చెప్పు బిడ్డా. కర్కరంటే ఉమ్మెయ్యి, నేనేమనను" అంది సాయవ్వ.

"మంచిగున్నది" అంది కొండవ్వ.

చిప్ప ఇంకా పెదవులకు తగలనే లేదు.