మూలా నక్షత్రం, మొదటి పాదం

నొప్పులు పడుతున్న మనిషిని కాసేపు ఆపుకోమన్న అత్తగారు ఈ భూమ్మీద ఒక్కర్తే ఉండి ఉంటుంది. ఆవిడ పేరు అప్పలకొండమ్మ. ఆపుకోమన్నది ఏ అరగంటో కాదు, సాయంత్రం ఆరున్నర దాకా. మధ్యాహ్నం మూడింటికి, నర్సీపట్నంలో ఆసుపత్రి వరండాలో గోడ పట్టుకుని వంగిపోయిన కోడలు వెంకటదుర్గ నడుము రాస్తూ మెల్లగా చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది మూలా నక్షత్రం మొదటి పాదమట, ఈ పాదంలో బిడ్డ పుడితే తండ్రికి గండమట, ఆరున్నరకి పాదం మారిపోతుందట. తొమ్మిది నెలలు మోసినదానివి, ఇంకో మూడున్నర గంటలు మొయ్యలేవా అని.

డాక్టరమ్మ ఇచ్చిన తేదీకి ఇంకా పది రోజులుంది. ఆ తేదీకి నక్షత్రం బాగుందని తొమ్మిదో నెల పొడుగునా అప్పలకొండమ్మ నిశ్చింతగా తిరిగింది. కోడలి కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టకపోతే తన చెప్పులిచ్చింది, సున్నుండలు చుట్టి పెట్టింది. మంచి మనిషే, కాదనను. ఆ మంచితనమంతా మూడింటికి వరండాలో ఆవిరైపోయింది.

దుర్గకి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. కాసేపటికి మొగుడు సింహాద్రి వచ్చాడు. నర్సీపట్నం, కృష్ణదేవిపేట మధ్య షేర్ ఆటో నడిపే మనిషి, నెమ్మదస్తుడు, ఏనాడూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అతనూ తల వంచుకుని అదే పాట పాడాడు. "కాసేపు ఓర్సుకో దుర్గా. అమ్మ బయపడతంది." భయపడుతున్నది అమ్మ ఒక్కర్తే కాదని అతని మొహమే చెప్పింది.

పిల్లాడు ఎవరి మాటా వినలేదు. నాలుగూ నలభైకి పుట్టాడు. మూడు కిలోలు, నెత్తి నిండా జుట్టు. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి తండ్రేడని అడిగింది. తండ్రి అప్పటికే ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

అప్పలకొండమ్మని అని లాభం లేదు లెండి. సింహాద్రి పుట్టిన ఆర్నెల్లకే ఆవిడ మొగుడు పోయాడు. అప్పుడు ఎవరు ఏ నక్షత్రం అంటగట్టారో గానీ, నాటి నుంచీ పంచాంగమంటే ఆవిడకి వణుకు. మళ్లీ మూల వచ్చే ఇరవయ్యేడో రోజున శాంతి చేయించాలని, ఆ రోజు తండ్రి మొదట నూనెలో బిడ్డ మొహం చూసి, ఆ తర్వాతే తిన్నగా చూడాలని పంతులుగారు చెప్పారు. అందాకా బిడ్డ కంట పడకూడదు. ఫోన్లో ఫోటో చూడొచ్చేమో అడగమంది దుర్గ. పంతులుగారు కాస్త ఆలోచించి, శాస్త్రంలో ఫోన్ల సంగతి లేదు గానీ ఎందుకొచ్చిన గొడవ, వద్దనే అన్నారట.

దుర్గ కృష్ణదేవిపేటలో పుట్టింటికి చేరింది. తల్లి అచ్చియమ్మ వేడన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెట్టేది, కాచిన నీళ్లు తప్ప తాగనిచ్చేది కాదు. కుట్లు సలుపుతున్నాయి. పాలు చాలక పిల్లాడు ఏడుస్తాడు, వాడితో పాటు తనూ ఏడుస్తుంది. రోజుకి ఆరుసార్లు సింహాద్రి ఆటో ఆ వీధి మొదలు మీదుగానే పోతుంది. పోతూ హారన్ కొట్టేవాడు, అక్కడికి అదే పలకరింపు. ఆ హారన్ విన్నప్పుడల్లా దుర్గకి ఒళ్లు మండేది. కళ్లు మూసుకునైనా వచ్చి పిల్లాడి కాలు పట్టుకోవచ్చు కదా, కాలికేం గండముంది? ఆమెకి కావలసింది అంతే. ఆ మనిషి ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి, ఏదైతే అదవుతుంది, వీడు నావాడు అనాలి. ఇరవయ్యేడు రోజులే కదా, ఓపిక పట్టమని అచ్చియమ్మ కూడా వాళ్ల వైపే మాట్లాడేది.

ఐదో రోజుకి పిల్లాడి ఒళ్లు పసుపు రాసినట్టయింది. పొద్దుటెండలో పడుకోబెడితే పోతుందంది అచ్చియమ్మ. ఏడో రోజుకి కళ్లు కూడా పచ్చబడి, పాలకి లేపినా లేవడం మానేశాడు. దుర్గ ఫోన్ తీసింది. ఆటోలకేం కరువు, ఎవర్నో ఒకర్ని పిలుద్దామని తల్లి మొత్తుకుంటున్నా వినకుండా సింహాద్రికే చేసింది. "నీ కొడుకు కళ్లు తెరవట్లేదు బావా. వొస్తావా, వేరే ఆటో ఎక్కీమంటావా?"

వచ్చాడు, పాపం. ప్యాసింజర్లని దింపేసి ఇరవై నిమిషాల్లో వచ్చాడు. వచ్చి మొహం రోడ్డు వైపు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీటు కనబడే అద్దాన్ని పైకి తిప్పేశాడు. గొలుగొండ దాటేదాకా రోడ్డంతా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా బండిని ఎంత నెమ్మదిగా దించాడో. ఆ నెమ్మది చూసి దుర్గకి ఏడుపొచ్చింది. ఇంత ప్రేమున్నవాడికి మెడ తిప్పడానికి ఇంత భయమా అని.

డాక్టరమ్మ చెడామడా తిట్టింది, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని. ఆ తిట్లన్నీ దుర్గే తింది. పిల్లాడి బట్టలు విప్పి, కళ్లకి గంతలు కట్టి, నీలం లైటు కింద పెట్టారు. రెండు రోజులు. సింహాద్రి గేటు బయట ఆటోలోనే ఉండిపోయాడు. వేళకి ఇడ్లీలు, కొబ్బరి బొండాలు కొని అచ్చియమ్మ చేతికిచ్చి పంపాడు. లోపలికి మాత్రం రాలేదు.

ఆ లైటు పక్కన స్టూలు మీద కూర్చుని దుర్గ ఫోన్లో మూలా నక్షత్రం అని వెతికింది. ఎవరో జ్యోతిష్యుడు వీడియోలో గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. మొదటి పాదం తండ్రికి గండం, రెండో పాదం తల్లికి గండం. ఆమె వెనక్కి జరిపి మళ్లీ వింది. రెండో పాదం తల్లికి. ఆరున్నర దాకా ఆపుకోమన్నది అందుకన్నమాట.

తిన్నగా ఆటో దగ్గరికి నడిచి, నీకు ముందే తెలుసా అని అడిగింది. సింహాద్రి హ్యాండిల్ని గుడ్డతో తుడవడం మొదలెట్టాడు.

"నాను పోతే మిమ్మల్నెవరు సూస్తారు దుర్గా," అన్నాడు చివరికి.

తెలీదని ఒక్క అబద్ధమాడినా ఆమె నమ్మేసేది. అదీ ఆడలేదు.

పిల్లాడు తేరుకున్నాడు. ఇరవయ్యేడో రోజున అచ్చియమ్మ ఇంట్లోనే శాంతి జరిగింది. హోమం పొగకి వాడు తుమ్ముతున్నాడు. కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి సింహాద్రి ముందు పెట్టారు. దుర్గ అతని వెనక నిలబడి పిల్లాణ్ని భుజం మీదుగా వంచి పట్టుకుంది. సింహాద్రి నూనెలోకి చూశాడు. చూసి భోరుమన్నాడు. అప్పలకొండమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, గండం గట్టెక్కిందని, మూడో నెల రాగానే కోడలు ఇంటికొచ్చెయ్యొచ్చని సంబరంగా చెప్పింది.

దుర్గ పంతులుగారి వైపు తిరిగింది. "పంతులుగారండీ, రెండో పాదంలో పుట్టుంటే గండం నాకు కదండి. అప్పుడు నానూ ఇరవయ్యేడు రోజులు బిడ్డని సూడకుండా ఉండాలాండి?"

అప్పలకొండమ్మ మొహం నల్లబడింది. పంతులుగారికి ఆ ఇంటి సంగతులేం తెలుసు? కొబ్బరి చిప్పలు సంచిలో సర్దుకుంటూ ఉన్న మాట చెప్పారు. "తల్లికి అలాంటి నియమం లేదమ్మా. పాలివ్వాలి కదా."

పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. సింహాద్రి లేచి, మొదటిసారి వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాపాడు. దుర్గ పిల్లాడి మొహం మీద కొంగు కప్పేసింది.

"నూనెలో సూసావు కదా బావా. అది సాలు," అని, పాలివ్వడానికి లోపలికెళ్లి తలుపేసుకుంది.