ఆల్మటీ రోడ్డు

ఏన్కూరు ఆరోగ్య కేంద్రంలో శనివారం టీకాల రోజు. నర్సు ప్రమీల ఒక చంటివాడి తొడ ఒడిసిపట్టి సూది దించబోతుండగా, చాయ్ తాగడానికి రోడ్డు మీదికి వెళ్ళిన కాంపౌండర్ గబగబా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రమీలమ్మా, మీ వనజ చదివేది ఏ దేశమన్నవ్?"

"కిర్గిజిస్తాన్. బిష్కెక్. ఏందట?"

"హోటల్ల టీవీ పెట్టిండ్రు. అక్కడ సర్కారు పడిపోయిందట. జనం దుకాణాల మీద పడి లూటీ చేస్తున్నరట. అద్దాలు పగలగొట్టుడు, మంటలు... అదే చూపిస్తున్నరు."

ప్రమీల చేస్తున్న పని ఆపలేదు. సూది దించింది, తీసింది, దూది అద్దింది, పిల్లవాణ్ణి తల్లికి అందించింది. వరసలో ఉన్నవాళ్ళను రెండో నర్సుకు అప్పజెప్పి మేడ మెట్లెక్కింది. ఊళ్ళో సెల్‌ఫోన్ పలికేది ఆ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే. కూతురి నంబరు కొట్టింది. కలవలేదు. మళ్ళీ కొట్టింది. అవతల ఎవరో ఆడమనిషి అర్థంకాని భాషలో ఏదో చెప్పి పెట్టేసింది. కాళ్ళకు ఎండ చుర్రుమంటున్నా ట్యాంకు చుట్టూ తిరుగుతూనే ఉంది.

వనజ అక్కడ డాక్టరీ రెండో ఏడు. వాళ్ళ కోయగూడెంలో పదో తరగతి దాటిన ఆడపిల్లలే తక్కువ. ఇక్కడ సీటు కొద్దిలో తప్పిపోయినప్పుడు ఆ పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడే ఖమ్మంలో జయప్రకాశ్ అనే ఆయన కన్సల్టెన్సీ గురించి తెలిసింది. అందరూ ఆయన్ను జేపీ సార్ అంటారు. "మీ అమ్మాయిని నా కూతురనుకోండి" అని చెప్పి, పిల్లలందరినీ దగ్గరుండి విమానం ఎక్కించాడు.

ఫోన్ మోగింది. వనజే.

"అమ్మా, భయపడకు. మేం హాస్టల్లనే ఉన్నం. కింద దుకాణం పగలగొట్టిండ్రు. బ్రెడ్డు అయిపోయింది గానీ బియ్యం ఉన్నయి."

"విమానం ఉందా బిడ్డా?"

"ఢిల్లీ విమానాలు ఆపిండ్రట. కానీ ఆల్మటీకి రోడ్డుంది. అది కజకిస్తాన్. వ్యాన్ల పోతే ఒక్క పూట. అక్కడి నుంచి విమానాలు ఉన్నయి. ఢిల్లీ టికెట్టు చూపిస్తేనే కజకిస్తాన్ వీసా ఇస్తరట. సీనియర్లు కొందరు పోయిండ్రు కూడా."

"మరి నువ్వెందుకు పోలే?"

లైను తెగిందేమోనని ప్రమీల ఫోను చెవికి నొక్కుకుంది.

"పాస్‌పోర్టు నా దగ్గర లేదమ్మా. జేపీ సార్ పంపినోళ్ళల్ల ఎవ్వరి దగ్గరా లేదు. వచ్చిన రోజే వార్డెన్ తీసుకొని బీరువాల పెట్టి తాళమేసిండు. ఇయ్యమంటే జేపీ సార్ చెప్పాలె అంటుండు."

"రెండేండ్ల నుంచి నీ పాస్‌పోర్టు నీ దగ్గర లేదా? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు కోపానికొస్తవని."

ప్రమీల అప్పుడు నిజంగానే కోపానికొచ్చింది. కాళ్ళ కింద మొదలైన మంట నెత్తికెక్కింది. మొగుడికి ఫోను చేసి ఖమ్మం రమ్మని, మెట్లు దిగి, డాక్టరుకు ఒక్కమాట చెప్పి, వచ్చిన బస్సు ఎక్కేసింది. తల్లాడ దాటి, వైరా దాటి ఖమ్మం వచ్చేదాకా సీటు కమ్మీని పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

బస్టాండులో ఆమె భర్త చిరంజీవి ఎదురుచూస్తున్నాడు. ఇల్లందులో బొగ్గుబావి పని, ఉండేదీ అక్కడే. పొద్దుటి షిఫ్టు దిగి సరిగా స్నానం కూడా చేయకుండా వచ్చినట్టున్నాడు. కనురెప్పల అంచున ఇంకా నల్లటి గీత ఉంది.

"మెల్లగ అడుగుదాం ప్రమీలా," అన్నాడు ఆటో ఎక్కుతూ. "సారు పెద్దమనిషి. ఆయనకు కోపమొస్తే మనకే కష్టం."

"ఆయనకు కోపమొస్తదా? మన బిడ్డ అక్కడ తలుపులేసుకొని కూసుంటే కోపం ఆయనకొస్తదా?"

ఆటోవాడు అద్దంలోంచి ఇద్దరినీ చూసి చూపు తిప్పుకున్నాడు.

వైరా రోడ్డులో మేడ మీద జేపీ ఆఫీసు. లోపల కూలర్ చల్లగా వీస్తోంది. గోడకు పెద్ద ప్రపంచపటం. దాని ముందు జేపీ చేతిలో స్కేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా కుర్చీలో వైరా దగ్గర పొలాలున్న సుబ్బరత్నం కాఫీ కప్పు చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ కూతురు మనోజ్ఞ, వనజ ఒకే గదిలో ఉంటారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ ఆవిడ ఏడుపు ఆపుకున్నట్టుంది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు జేపీ. "ఆవిడకు అదే చెప్తున్నాను. ఇదిగో బిష్కెక్, ఇదిగో ఆల్మటీ. ఎంత దూరం? మన ఖమ్మం నుంచి హైదరాబాదంత. మధ్యలో కోర్దాయ్ అని బోర్డరు. వంతెన మీద నడిచి దాటితే అవతలే కజకిస్తాన్. అక్కణ్ణుంచి ఆల్మటీ, ఆల్మటీ నుంచి ఢిల్లీ. సోమవారం వ్యాను పెడుతున్నాం. మనోజ్ఞ అందులో వచ్చేస్తుంది."

"వనజ?" అంది ప్రమీల.

"తర్వాతి బ్యాచీ అమ్మా. లేకపోతే ఆ తర్వాతది. వ్యానులో సీట్లు తక్కువ కదా."

"ఎవరు ముందు, ఎవరు ఎన్క అని ఎట్ల రాసిండ్రు సారూ?"

జేపీ నవ్వాడు. మంచిగానే నవ్వాడు. ఊరడిస్తున్నాననే అనుకున్నాడు.

"మీ అమ్మాయి ధైర్యస్తురాలమ్మా. ఈ పిల్లలు సుకుమారంగా పెరిగారు, బెదిరిపోతారు. మీరు అడవి ప్రాంతం వాళ్ళు. ఇలాంటివి తట్టుకుంటారు."

చిరంజీవి తల దించుకున్నాడు. ఆ దించుకోవడం చూసి ప్రమీలకు జేపీ మీద ఎంత కోపమొచ్చిందో, మొగుడి మీదా అంతే వచ్చింది. కుర్చీ వెనక్కి తోసి లేచింది. కుర్చీ పడిపోయింది.

"తట్టుకుంటరా? ఏం తట్టుకుంటరు? రాళ్ళు తగిల్తే మా పిల్లలకు నెత్తురు రాదా? ఆకలైతే కడుపు కాలదా? నేను ఇరవై ఏండ్ల నుంచి ఈ అడవుల్లనే తిరుగుతున్న. తట్టుకుంటరులే అని వదిలేస్తే ఎంతమంది తల్లులు కాన్పుల్ల పోయిండ్రో నా కండ్లతోని చూసిన. దవాఖానాల గిదే మాట, బస్సుల గిదే మాట, గిప్పుడు నీ వ్యాన్ల గూడ గిదే మాటనా?"

"అమ్మా, అరవకండి. కింద షాపులున్నాయి."

"విననీ. నా బిడ్డ పాస్‌పోర్టు నీ బీరువాల ఎందుకున్నదో కూడా విననీ."

సుబ్బరత్నం కప్పు బల్ల మీద పెట్టింది. "పాస్‌పోర్టా? అదేంటి, పిల్లల దగ్గర ఉండదా?"

"సేఫ్టీ కోసమండీ," అన్నాడు జేపీ. ఇప్పుడు నవ్వులేదు. "చిన్నపిల్లలు, పోగొట్టుకుంటారు. పైగా వేరే ఏజెంట్లు వచ్చి, మా కాలేజీ బాగుంది రండి అని లాక్కుపోతారు. ఇచ్చేస్తే ఒక్కడూ నిలవడు."

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు. పెదవి కొరుక్కుని స్కేలు బల్ల మీద పెట్టాడు.

"అంటే కట్టేసిండ్రు," అంది ప్రమీల. గొంతు ఒక్కసారిగా తగ్గింది. తగ్గాక ఇంకా భయంకరంగా ఉంది. "మేకల్ని కట్టేసినట్టు కట్టేసిండ్రు. సరే. ఆ వంతెన దాటాలంటే కజకిస్తాన్ వీసా కావాలె గదా. మనోజ్ఞకు తీసిండ్రా?"

"బోర్డరులో మేనేజ్ చేస్తాం."

"ఏం మేనేజ్ చేస్తావయ్యా?" సుబ్బరత్నం లేచి నిలబడింది. "వీసా లేదా? వీసా లేకుండా నా కూతుర్ని ఆ గొడవల్లో రోడ్డు మీదికి పంపిస్తున్నావా? వంతెన మీద ఆపేస్తే? అటు పోనీక, ఇటు రానీక నిలబెడితే?"

"సుబ్బరత్నం గారూ, మీరు కూడా..."

"నేను కూడా ఏంటి? ఇందాకటి నుంచి కాఫీలు పోయించి స్కేలుతో దూరాలు చూపిస్తున్నావు!"

ప్రమీల బల్ల మీదున్న ఫోను తీసి జేపీ ముందు పెట్టింది. తలుపు దగ్గర నిలబడమని చిరంజీవితో చెప్పింది. చిరంజీవి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత వెళ్ళి గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులూ చౌకట్టుకు ఆనించి నిలబడ్డాడు. బావిలో దూలాలు మోసిన భుజాలు. ఆ గుమ్మంలో ఇంక ఖాళీ లేదు.

"చెయ్యి ఫోను, వార్డెన్‌కు," అంది. "పాస్‌పోర్టులు అందరివీ ఇయ్యాలె. నా బిడ్డది ఒక్కటే కాదు. ఎవరి చేతికి వాళ్ళకు. ఇయ్యాల్నే ఇయ్యాలె. సోమవారం వాళ్ళను కజకిస్తాన్ వాళ్ళ ఆఫీసుకు నువ్వే మనిషినిచ్చి పంపియ్యి. వీసా పడ్డంకనే వ్యాను. ఎన్ని వ్యాన్లయినా సరే, ఒక్క పొద్దే బయల్దేరాలె. ఆడపిల్లలు ముందు. ఢిల్లీ టికెట్లు చేతిల ఉంటేనే ఆ వీసా ఇస్తరట, వనజ చెప్పింది. ఆ టికెట్లు నువ్వు తీయి."

"ఇంతమందికి ఒకేసారి ఎలా..."

"నువ్వు ఎక్కించినప్పుడు ఒకేసారి ఎక్కించినవు గదా!"

జేపీ ఫోను చేశాడు. వార్డెన్ ఏదో అంటున్నాడు, జేపీ నసుగుతున్నాడు. ప్రమీల రిసీవర్ లాక్కుంది.

"నేను వనజ తల్లిని. నీ పేరు నాకు తెల్వదు, అక్కర లేదు. బీరువా తీయి. ఇప్పుడే తీయి, నేను లైన్లనే ఉంటా. వనజను పిలువు."

వార్డెన్ వినలేదు. పెట్టేశాడు. మళ్ళీ చేయించింది. మళ్ళీ పెట్టేశాడు. ఈలోపు సుబ్బరత్నం తనకు తెలిసిన మిగతా తల్లిదండ్రులందరికీ ఫోన్లు చేసింది. సాయంత్రానికి మధిర నుంచి, సత్తుపల్లి నుంచి మనుషులొచ్చారు. మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఒకాయన కూలర్ ఆపేశాడు. ఆ ఉక్కపోతలో, అంతమంది ఊపిరి మధ్య, జేపీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఈసారి ఫోనులో నసగలేదు. "ఇచ్చెయ్యి, నా పేరు మీద ఇచ్చెయ్యి" అని అరిచాడు. కాసేపటికి వనజ లైన్లోకొచ్చి, "అమ్మా, దొరికింది. అందరికీ ఇస్తుండు" అంది. గదిలో అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ప్రమీల మాత్రం పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టి అందులో కూలబడింది.

వీసాలు రావడం అంత తేలిక కాలేదు. పిల్లలు ఆ ఆఫీసు ముందు మంచులో వరస కట్టారు, రెండుసార్లు వెనక్కి పంపించారు. ప్రతి మధ్యాహ్నం ప్రమీల మేడ మీదికెక్కి కూతుర్ని అడిగేది: వరసలో ఎక్కడున్నవ్, ఏం తిన్నవ్, చేతి తొడుగులున్నయా. తర్వాత జేపీకి ఫోను చేసి తిట్టేది. చివరికి వీసాలు పడ్డాయి. వ్యాన్లు బయల్దేరాయి. వంతెన దగ్గర దిగి, సంచులు మోసుకుంటూ నడిచి దాటారు. ఆ సాయంత్రం ఆల్మటీ నుంచి వనజ ఫోను చేసింది. వెనక మనోజ్ఞ నవ్వు వినిపిస్తోంది.

"సీనియర్ అక్క రూముల ఉన్నం. వేడిగ అన్నం తిన్నం అమ్మా."

"ఎల్లుండి విమానమేగా? మీ బాపు హైదరాబాదు దాకా ఎదురొస్తడు."

"అమ్మా..." అని ఆగింది వనజ. "నేను వస్తలేను. బిష్కెక్‌ల గొడవలు చల్లబడ్డయి. క్లాసులు మొదలుపెడుతున్నరు. ఇప్పుడొస్తే ఈ సెమిస్టరు పోతది. మనోజ్ఞ, నేను వెనక్కి పోతం."

"ఏందే? ఏమన్నవ్?"

"పరీక్షలైనంక ఎండాకాలం వస్త."

ప్రమీల ఇన్ని రోజులూ జేపీ మీద చూపిన కోపం దీని ముందు ఏపాటిది! బ్రెడ్డు దొరకని ఊరికి, అద్దాలు పగిలిన హాస్టలుకు మళ్ళీ పోతానంటుంది. ఎవరి కోసం ఆ మేడ మీద నిలబడి గొంతు చించుకుంది? "విమానం ఎక్కు. లేకపోతే నా మొహం చూడకు. నా మాట వినకుండ నువ్వు ఎక్కడికీ పోవు!" అంది.

"గట్లనే ఆ వార్డెన్ కూడా అన్నడమ్మా," అంది వనజ. ఆ పిల్లకూ తల్లి కోపమే వచ్చింది. గొంతు పదునుగా ఉంది. "మా మాట లేకుండ ఎక్కడికీ పోరు అన్నడు. పాస్‌పోర్టు నా చేతికి ఎందుకిప్పిచ్చినవ్ మరి? నువ్వు చెప్పినకాడికి పోనీకేనా?"

ప్రమీల ఫోను కట్ చేసింది. ఇంటికి వెళ్ళి వంట చేయలేదు. ఆదివారం ఇల్లందు వెళ్ళినా చిరంజీవితో మాట్లాడలేదు. అతను మాత్రం, "నీ లెక్కనే ఉంది అది" అని ఒక్కసారి అన్నాడు. అన్నాక బయటికి వెళ్ళి చానాసేపు రాలేదు.

సోమవారం ఆమె మేడ మీదికెక్కి నంబరు కొట్టింది. వనజ ఎత్తింది.

"నీ కిర్గిజ్ వీసా మీద రెండోసారి లోపలికి రానిస్తరా?" అంది ప్రమీల. గొంతులో కోపం అట్లానే ఉంది.

"రానిస్తరు. ఎన్నిసార్లయినా పోయి రావచ్చని ఉంది. చూసుకున్న."

"కజకిస్తాన్ వాళ్ళు నీకు ఎన్ని రోజులిచ్చిండ్రు? అది దాటితే పట్టుకుంటరు."

"ఎల్లుండి దాకా ఉంది. రేపు పొద్దున పోతం."

"పొద్దునంటే ఎప్పుడు? వ్యానా, బస్సా? మగపిల్లలున్నరా తోడు? బోర్డరు కాడ మనోజ్ఞ చెయ్యి వదలకు. ఆ ఢిల్లీ టికెట్టు చింపకు, ఎండాకాలానికి మార్పియ్యి. జేపీతో నేను మాట్లాడుత. మల్ల ఆ వార్డెన్ పాస్‌పోర్టు అడిగితే?"

"ఇయ్య."

"ఇస్తే అక్కడికొచ్చి తంత నిన్ను," అంది ప్రమీల. అవతల వనజ నవ్వు ఆపుకుంటున్నట్టు తెలిసి ఇంకా మండింది. "నవ్వకు. నేను నవ్వుతలేను. బియ్యం కొనుక్కొని పో, ఆల్మటీల. అక్కడ దొరుకుతయో లేదో."

కింద వరండాలో ఎవరో తల్లి పిల్లవాడితో వచ్చి, "సిస్టరమ్మా" అని పిలుస్తోంది. ప్రమీల వస్తున్నానని కేకేసి, కూతురికి చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని గుర్తుచేసుకుంటూ, ఒక్కొక్కటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.