డేగ గురించిన ఉత్తరం

మా దొర ఫల్క్ ఆ ఉత్తరాన్ని నా ఒళ్లో పడేసి, "చదువు" అన్నాడు.

నాకు చదువు రాదు. పదకొండేళ్లుగా ఈ కోటలో భోజనాలయ్యాక వీరుల కథల పుస్తకం ఒళ్లో పెట్టుకుని అందరికీ చదివి వినిపించే ఈ హవీజ్‌కి, అంటే నాకు, ఒక్క అక్షరం ముక్క రాదు. మా నాన్న ఊరూరా తిరిగి కథలు పాడేవాడు. అవన్నీ నాకు నోటికొచ్చు. బొమ్మ కనపడగానే పేజీ తిప్పేదాన్ని, అంతే. దానికే నాకు నిప్పు దగ్గర చోటు, తెల్ల రొట్టె. ఎవరు వదులుకుంటారండీ?

దొరసాని అమాబెల్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ ఉత్తరం ఆవిడ పెట్టె అడుగున దొరికింది, మైనం మీద పొరుగు కోట జోసెలిన్ ముద్రతో. ఒకప్పుడు ఆవిణ్ణి అతనికే ఇస్తారనుకున్నారు. అతను మొన్న గాస్కనీ యుద్ధంలో మా దొర కళ్లముందే చనిపోయాడు. అయినా దొరకి అనుమానం చావలేదు.

"పాదిరీగారిని పిలిపిస్తే..." అని నసిగాను.

"నా ఇంటి పరువు ఆయన నోట్లో పెట్టమంటావా? చదవ్వే. అది ప్రేమలేఖైతే దీన్ని ఇవాళే మఠంలో పడేస్తాను. పిల్లల మొహం మళ్లీ చూడదు."

దొరకీ చదువు రాదు. కత్తి పట్టేవాడికి ఆ గుమాస్తా పనెందుకంటాడు. గీతల వెంట వేలు నడిపిస్తూ మొదలెట్టాను.

"అమాబెల్ దొరసానికి జోసెలిన్ నమస్కారం. మీ నాన్నగారిచ్చిన డేగ నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. కుడి రెక్క వాల్చేసింది. పావురం మాంసం పెట్టమంటారా, వెచ్చటి నీళ్లు పట్టమంటారా?"

దొర కదల్లేదు. "మళ్లీ చదువు."

మళ్లీ మొదటి గీత మీద వేలు పెట్టాను. చదువు రానివాళ్ల జ్ఞాపకం ఎలాంటిదో నాకు తెలియదా? పన్నెండేళ్ల కిందట రైతు చేసిన ప్రమాణాన్ని కూడా పొల్లుపోకుండా అప్పజెప్పే మనిషి ఆయన. ఒక్క మాట మారితే దొరసాని బతుకు అయిపోయినట్టే. పెదాలు కదుపుతూ ఆయనా నాతో మొదలెట్టాడు. నమస్కారం. నాలుగు రోజులు. కుడి రెక్క. పావురం. చివరి మాట ఇద్దరం ఒకేసారి పూర్తి చేశాం.

దొర బల్ల మీద కూలబడి ఏడ్చేశాడు. ఉత్తరం లాక్కుని తనే నిప్పులో వేశాడు. ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుని, పిల్లల్ని తీసుకొస్తానంటూ మెట్లు దిగాడు. గెలిచానని నాకు లోపల ఎంత పొగరొచ్చిందో.

దొరసాని వచ్చి నా పక్కన కూర్చుంది. "డేగట, రెక్కట. ఇంత తెలివి ఎక్కడ దాచావే?" నవ్వబోయి ఏడ్చింది. "నీతో చదివించుకోడానికి సిగ్గేసి తొమ్మిది నెలలు దాచుకున్నాను. ఇప్పుడు మనిషే లేడు. చెప్పవే, అసలు నాకేం రాశాడు?"

ఆవిడ నా నోటివైపే చూస్తోంది, రోజూ కథ కోసం చూసినట్టు. ఏ వీరుడు ఏ రాణితో ఏమన్నాడో నాకు అన్నీ వచ్చు. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"నాకూ చదువు రాదమ్మా" అన్నాను.

ఆవిడ లేచి వెళ్లి, ఒట్టి చేతులతో ఆ నిప్పులు కెలకడం మొదలెట్టింది.