కుర్మయ్య ముందు పన్ను

పై వరుసలో ముందు పన్ను సలుపుతుంటే, నొప్పి వల్ల పాట చెడిపోతోందని కుర్మయ్య తనే దారం కట్టి పీకేసుకున్నాడు. శంషాబాద్ పెళ్లి మేళంలో ఏళ్ల తరబడి క్లారినెట్ ఊదినవాడు. ఊదేటప్పుడు ఆ కర్ర వాద్యం ఆనేది ఆ పన్ను మీదేనని తెలియదా అంటే, తెలుసు. నొప్పి మనిషికి తెలివి ఉండనిస్తుందా!

అప్పటినుంచి ఊదితే గాలి బుస్సున పక్కకు పోతోంది. తప్పు కర్రదేనన్నాడు. ఎండకు నెర్రె విచ్చిందన్నాడు. యుద్ధం వచ్చి సీమ సరుకు ఆగిపోయి, నోటి దగ్గర అదిరే రెల్లు బద్ద పట్నంలో మంచిది దొరకట్లేదన్నాడు. భార్య లింగమ్మ పాపం నమ్మింది. మేళం పెద్ద ఈశ్వరయ్య నమ్మలేదు. ఈరోజు ఊళ్లోకి వచ్చిన మంఖాల్ పెళ్లివారి ఊరేగింపులో పాట పలక్కపోతే కుర్మయ్య స్థానం ఇంకొకరికి ఇస్తానని తేల్చేశాడు.

విడిదిలో పెళ్లివారు తలపాగాలు చుట్టుకుంటుండగా కుర్మయ్య రెండో క్లారినెట్ ఊదే మొగులయ్య చేతులు పట్టుకున్నాడు.

"తమ్మీ, జర నీది ఇయ్యి. చెడింది నా కర్రనే, నేను గాదు."

"తీస్కో అన్నా, గంత బతిమాలుడు ఎందుకు?"

మొగులయ్య కొత్త కర్రను పెదాల మధ్య బిగించాడు. దేవుడా, ఒక్కసారి అనుకున్నాడు. అదే బుస్సు. చిగురు మీద అదిమితే రక్తం వచ్చింది గానీ స్వరం రాలేదు.

చూడలేక మొగులయ్య, కుర్మయ్య పక్కన పెట్టిన పాత కర్ర ఎత్తి ఊదాడు. పలికింది! మొగులయ్య నున్నటి ఊపిరికి కుర్మయ్య పాటలోని బొంగురు జీర తోడైంది. ఇన్నాళ్లూ ఆ జీర తనదే అనుకున్నాడు. అది కర్రదట. దాన్ని తీసేస్తే తనకంటూ మిగిలేది ఊపిరి, అదీ పన్నుతోనే పోయింది. కుర్మయ్యకు ఏడుపు ఆగలేదు.

"ఒక్క పెండ్లికి ఆగు అన్నా, కాళ్లు మొక్కుత," అన్నాడు ఈశ్వరయ్యతో.

"ఇగ ఆగుడు లేదు. పెండ్లోళ్లు లేచిండ్రు. గా పాత కర్ర మొగులయ్య ఊదుతడు. నువ్వు తాళాలు వట్టు."

ఊరేగింపు కుర్మయ్య ఉండే వాడకు తిరిగింది. లింగమ్మ పిండి చేతులతోనే బయటికి ఉరికొచ్చింది.

"మా ఇంటాయన ఊదుతుండు! గా జీర ఇన్నవా లచ్చమ్మా?" అని పక్కింటామె భుజం పట్టి కుదిపేస్తోంది.

చచ్చిపోతే బాగుండుననిపించింది కుర్మయ్యకు. ఇత్తడి తాళాలు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని, జనం మధ్య వంగి నడిచాడు.

"తాళం ఏది కుర్మయ్యా? కొట్టు!" వెనకనుంచి ఈశ్వరయ్య అరిచాడు.

కొట్టాలంటే చేతులు విప్పాలి. విప్పాడు. లింగమ్మ సరిగ్గా ఎదురుగా నిలబడి ఉంది.