సభ్యులకు మాత్రమే

"నీకేం, ఫ్యాను కింద కూర్చుని పేపర్లు చదువుకునే ఉద్యోగం," అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుండగా. రోజూ అనే మాటే. రోజూ ఒక చెవిన విని రెండో చెవిన వదిలేస్తాను. ఆ రోజు మాత్రం పెట్టె కాలరు మీదే ఆగిపోయింది. మాడు వాసన రాకముందే లాగేశాను. ముందురోజు లైబ్రరీ కమిటీ ఛైర్మన్ గారు వచ్చి వెళ్ళిన సంగతే తలలో తిరుగుతోంది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మా లైబ్రరీ మార్కెట్‌కి ఎదురుగా ఉంటుంది. వెనక వరండా చివర ఒక మరుగుదొడ్డి ఉంది. దాని తాళంచెవి నా బల్ల సొరుగులో ఉంటుంది. మార్కెట్లో ఆడవాళ్ళకి అలాంటి చోటే లేదు. మొదట చేపలమ్మే ఆవిడ వచ్చింది. లోపలికి రావచ్చో లేదో తెలియక చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, అడగలేక అడిగింది. తాళంచెవి ఇచ్చాను. ఆ తర్వాత కూరలవాళ్ళు, పాతబట్టలవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వాళ్ళెవరూ పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టరని, తాగితే ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఎండలో నోరెండబెట్టుకుని కూర్చుంటారని అప్పుడే తెలిసింది నాకు.

పేపర్లు చదవడానికి వచ్చే పెద్దమనుషులు చేపల కంపని ఫిర్యాదు చేశారు. ఛైర్మన్ గారు వచ్చి, ఇది లైబ్రరీయా బస్టాండా అని అడిగి, "సభ్యులకు మాత్రమే" అని ఒక అట్టముక్క మీద రాయించి మరుగుదొడ్డి తలుపుకి కొట్టించారు.

ఆయన వెళ్ళాక నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి చదివాను. సభ్యత్వానికి చదువు వచ్చి ఉండాలని అందులో ఎక్కడా లేదు. ఉండే చోటు చెప్పాలి, సొంత ఇల్లున్న వాళ్ళెవరైనా హామీ సంతకం పెట్టాలి, అంతే. మా ఇల్లు అత్తయ్య పేరున ఉంది గానీ ఇంట్లో సంతకాలన్నీ మా ఆయనవే. కాలరు మాడబోయిన రోజు సాయంత్రం ధైర్యం చేసి ఆయన్నే అడిగాను.

"వాళ్ళు ఏ పార్టీకి ఓటేస్తారో తెలుసా నీకు? ఛైర్మన్ ఏ పార్టీయో తెలుసా? నీకెందుకీ రాజకీయాలు," అన్నాడు.

ఆయనకి రాజకీయాలంటే ప్రాణం. సెలవురోజు స్నేహితులు వస్తే ముందుగదిలో ప్రభుత్వాలు పడిపోతుంటాయి, లేస్తుంటాయి. నేను టీ కప్పులతో వెళ్ళినప్పుడు కాస్త ఆగి, నేను వంటింట్లోకి వచ్చేశాక మళ్ళీ అందుకుంటారు. ఆ వాదనలకి కావలసిన పాత పత్రికలు లైబ్రరీ నుంచి వెతికి తెచ్చేది నేనే. ఎవరు ఏ ఏడు ఏం మాట్లాడారో నాకు తెలుసు, కానీ నన్ను అడిగినవాళ్ళు లేరు. ఓటేసే రోజు కూడా దారిలో ఏ గుర్తుకి వెయ్యాలో గుర్తుచేసి మరీ లోపలికి పంపుతాడు. ప్రజలు, ప్రజలు అని మా బీరువాల్లో ఎన్ని పుస్తకాలున్నాయో. ఆ ప్రజలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటే అది రాజకీయం కాదట. వాళ్ళ కోసం నేను ఒక సంతకం అడిగితే మాత్రం రాజకీయమట. గిన్నెలు కడుగుతూ ఇవన్నీ ఆయనతో అన్నాను. మనసులోనే.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్ళాక అత్తయ్య నన్ను పిలిచింది. గోడ అవతల నుంచి అంతా విన్నదని అర్థమైంది. ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే గడియారం వైపు చూసే మనిషి. అలాంటి ఆవిడ, ఆ సభ్యత్వం కాగితాలు తెమ్మంది.

"బళ్ళో మగ టీచర్లకే ఉండేదే, మాకు లేదు," అంది. "రిటైరయ్యేదాకా రోజూ ఇంటికొచ్చే వరకూ ఆపుకున్నాను. ఈ కిడ్నీల జబ్బు ఊరికే వచ్చిందనుకుంటున్నావా?"

నెలనెలా ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళే కొడుకుకి ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ అడగలేదని ఆవిడే అంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాగితం మీద తీరిగ్గా, టీచరమ్మ అక్షరాలతో సంతకం చేసింది.

అలా మార్కెట్ ఆడవాళ్ళు మా సభ్యులయ్యారు. కొందరు తాళంచెవి తిరిగి ఇచ్చాక కాసేపు ఫ్యాను కింద కూర్చునేవారు. చేపలావిడ బొమ్మల పుస్తకం తిరగేస్తూ, ఇలాంటి చేపని తానెన్నడూ చూడలేదని నవ్వేది. నాకు మాత్రం గుమ్మంలో మగ గొంతు వినపడితే చాలు, ఛైర్మన్ గారేనేమో అని తలెత్తి చూసేదాన్ని. ఉద్యోగం పోతే? ఏ మూలకో బదిలీ చేస్తే? అత్తయ్యని కూడా ఇందులోకి లాగానే అని నాలో నేనే తిట్టుకునేదాన్ని.

వారం తిరక్కుండానే ఛైర్మన్ గారు ఫోన్ చేశారు. నాకు కాదు, మా ఆయనకి. నా బల్ల మీద ఫోన్ ఉంది, అటెండెన్స్ రిజిస్టరులో నా పేరుంది, జీతం నా చేతికిస్తారు. నా పని గురించి మాట్లాడాల్సొచ్చేసరికి ఆయనకి నా మొగుడు గుర్తొచ్చాడు. మా ఆయన ఇంటికొచ్చి షూ విప్పుతూ చెప్పాడు, "రేపటి నుంచి ఆపేస్తావని మాటిచ్చాను. సరేనన్నారు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది." లోపలి నుంచి అత్తయ్య దగ్గు వినిపించింది. కుక్కరు దించి అన్నం వడ్డించాను.

మర్నాడు లైబ్రరీ తెరిచేసరికే ఛైర్మన్ గారు వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చున్నారు. మా ఆయన ఆరోగ్యం, అత్తయ్య ఆరోగ్యం అడిగారు. అంతలో చేపలావిడ వచ్చింది. ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరగబోయింది.

"రావమ్మా," అన్నాను. సొరుగు తీసి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను.

ఛైర్మన్ గారు ఆవిడ వరండా దాటేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు, "మీ ఆయన మీకు చెప్పలేదా అమ్మా?"

"చెప్పారండి," అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. "కానీ ఆయన ఇక్కడ పనిచెయ్యరు కదండీ."