గుడ్డ మీద శర్మిష్ఠ

దుర్గప్ప నూలు కండె ఉన్న నాడె విసిరి, పోగును బిగించే పలక లాగి రెండు దెబ్బలు కొట్టాడు. మోకాళ్ల దాకా మగ్గం గుంటలో దిగబడి, అరవై రెండేళ్ల మనిషి పొద్దున్నే ఆకాశం నేస్తున్నాడు. ఎమ్మిగనూరులో నలభై ఆరేళ్లుగా దుప్పట్లు, తువ్వాళ్లు, చీరలు నేసిన చేతులవి. గోళ్లు అరిగి పలచబడ్డాయి, ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి జారింది. అన్ని గుడ్డలు కట్టుకున్న లోకంలో నేసినవాడి పేరు అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఈ గుడ్డ వేరు. ఆదోనిలో ఒక కాలేజీవాళ్లు నక్షత్రాల గది కడుతున్నారు. దాని గోడకు ఉత్తరాకాశం కావాలన్నారు. నల్ల నూలు మీద ఐదు తెల్లచుక్కల శర్మిష్ఠ, ఎడమన యయాతి, కుడిన ఆమె తండ్రి వృషపర్వుడు, కింద దేవయాని, అన్నీ నక్షత్ర మండలాలే. దేవయాని పక్కన చిన్న తెల్లటి మసక. మసకంటే మసక కాదు, అదొక వేరే నక్షత్ర లోకమట. మేస్త్రీ జగదీష్ బొమ్మకాగితం ఇస్తూ, మూలన నేసినవాడి పేరు కూడా ఉండాలన్నారని చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి దుర్గప్పకు అన్నం సయించలేదు.

"మా నాయన పేరు గూడా ఏద్దామా?" అని పెళ్లాన్ని అడిగాడు.

"ముందు నీది సక్కగా ఏయి," అంది కండెలు చుడుతున్న హంపమ్మ.

ఆ మగ్గం మీద బొమ్మగుడ్డకు ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి కనబడేది వెనకవైపు, ముడులూ పోగులూ. అందుకే పేరును తిరగేసి నేశాడు, కింద సరిగ్గా రావాలని. అద్దం పెట్టి చూసుకుంటూ ఒక్కో అక్షరాన్ని నాలుగేసి సార్లు విప్పాడు. చుక్కలను మాత్రం కాగితంలో ఉన్నట్టే వేసుకుంటూ పోయాడు. చీర అంచున మామిడిపిందె ఎటు తిరిగినా మామిడిపిందే కదా, ఆ చేతులకు అదే అలవాటు.

మధ్యాహ్నం జగదీష్ వచ్చాడు. వెంట ఆ కాలేజీలో పాఠాలు చెప్పే ఇర్ఫానా. గుడ్డను మగ్గం నుంచి కోసి ముఖం పైకి పరిచారు.

"దుర్గప్ప, ఎమ్మిగనూరు," అని ఇర్ఫానా బయటికే చదివింది. "బాగుంది తాతా."

దుర్గప్ప ముఖం వెలిగిపోయింది. నోరు ఊరుకోలేదు. "శర్మిష్ఠ కత మా బయలాటలో చూసినా తల్లీ. రాజు కూతురు. జలకాలాడి వచ్చి తొందర్లో దేవయాని చీర కట్టుకునింది. కొట్లాడి ఆ యమ్మను బాయిలోకి తోసింది. యయాతి పైకి తీసి పెండ్లి చేసుకునె. రాజు కూతురేమో దాసి అయిపాయ. అంతా ఒక గుడ్డ మారినందుకు."

ఇర్ఫానా వినడం లేదు. కాగితాన్ని గుడ్డ పక్కన పెట్టి చూస్తోంది. "యయాతి కుడికి పోయినాడే తాతా. తండ్రి ఉండే జాగాలో మొగుడున్నాడు."

"చుక్కకు ముందేంది, వెనకేంది?"

"ఉంటాది తాతా. పిల్లోళ్లు దీన్ని చూసి ఆకాశంలో ఎతుకుతారు."

జగదీష్ గుడ్డను తిరగేశాడు. వెనకవైపు ఆకాశం ఎక్కడిదక్కడ ఉంది. శర్మిష్ఠకూ యయాతికీ నడుమ ఉండే జంట చుక్కల గుంపులైతే పోగులు రేగి అచ్చం మసకమసకగా కనబడుతున్నాయి. ఇర్ఫానాకు ఇదే నచ్చింది, ఇలాగే తగిలిద్దామంది. తిరగబడింది పేరొక్కటే.

"వారం గడువియ్యప్పా, ఇంకోటి నేసిస్తా," అన్నాడు దుర్గప్ప.

"సోమారమే తెరుస్తాండారు మామా. ఏమీ అనుకోవద్దు." జగదీష్ కత్తెరతో పేరున్న అంచును నిలువునా కోసి కింద పడేశాడు.

"చీటీ మీద రాసి గోడకు అతికిస్తాం తాతా," అంది ఇర్ఫానా. మనసులో ఉన్న మాటే అంది. ఇలాంటి మాటలు వీధి మలుపు దాకా నిజంగానే ఉంటాయి.

వాళ్లు వెళ్లాక దుర్గప్ప మళ్లీ గుంటలోకి దిగాడు. తువ్వాళ్లకు కొత్త పడుగు అతకాలి.

"అన్నం తిందువు రా," అంది హంపమ్మ.

"నాలుగు పోగులు అతికి వస్తా."

మూడోసారి పిలిచినా పలక్కపోతే వచ్చి చూసింది. పడుగు మీద తల వాల్చి ఉన్నాడు, వేళ్ల మధ్య పోగు ఇంకా ఉంది. ఒళ్లు చల్లబడుతోంది. పేరు పోయిందన్న దిగులే తీసుకుపోయిందని హంపమ్మ ఏడ్చింది. డాక్టరు గుండె అన్నాడు.

పక్కింటి హులిగమ్మ కాలి బొటనవేళ్లు కట్టడానికి గుడ్డపీలిక కోసం వెతికి, మగ్గం కింద పడి ఉన్నది తెచ్చి ముడేసింది. ఆమెకు చదువు రాదు. చదువు వచ్చినవాళ్లు ఆ వైపు చూడలేదు.

పొద్దు వాలకముందే మోసుకుపోయారు. మట్టిలో దించేముందు ఆనవాయితీ ప్రకారం ముడి విప్పి, పీలికను పక్కకు పారేశారు. అందరూ స్నానాలకు వెళ్లిపోయాక అది తవ్వినమట్టి మీద ముఖం పైకి ఉంది: దుర్గప్ప, ఎమ్మిగనూరు.