నాలుగు టిక్కులు

కారు కింద ఇద్దరం వెల్లకిలా పడుకుని ఉన్నాం, నేనూ మా అమరక్క మొగుడు రెడ్డెప్ప బావా. పైన ఉన్నది కారో, టమాటా తోట మీదికి దిగిన మబ్బో సరిగా తెలియడం లేదు గానీ, వెనక చక్రాల దాకా పోయే హ్యాండ్‌బ్రేకు కేబుల్ మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది, దాని పొడుగునా నీటి చుక్కలు వరసగా నిలిచి ఉన్నాయి. బావ పోయి రెండేళ్లయిందని నాకు తెలుసు. అయినా ఆయన మోచేయి నా మోచేతికి తగులుతూనే ఉంది, వెచ్చగానే ఉంది. నేల వాలుగా ఉంది, మేము కొంచెం కొంచెంగా కిందికి జారుతున్నాం, కారూ మాతోపాటే జారుతోంది, ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు.

ఎప్పుడు లేచాడో, బావ సీట్లో కూర్చుని హ్యాండ్‌బ్రేకు లివరు లాగుతున్నాడు. నేను కింది నుంచి అది లేచేటప్పటి టిక్కులు లెక్కపెడుతున్నాను. నాలుగో దానికి బిగుసుకుని ఆగుతోంది. నేను బాగుచేసిన రోజూ ఇట్లాగే ఆగింది. అంతకు ముందు పది టిక్కులు లేచినా పట్టడం లేదని బావ కారు తెస్తే, ఊళ్లో మోటార్లకూ ట్రాక్టర్లకూ పని చేసేవాణ్ణి నేనే కాబట్టి, లివరు కింద కేబుల్ నట్టు బిగించి నాలుగుకు తెచ్చాను. మొదట వెనక చక్రాల డ్రమ్ములు విప్పి, లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనింగు చూడాలి, ఆ తర్వాతే కేబుల్ జోలికి పోవాలి. తెలియక కాదు. డ్రమ్ము తుప్పుకు కరుచుకుపోయి సుత్తి దెబ్బలకు కదల్లేదు, ఎండ మండుతోంది, లివరైతే గట్టిగా ఉంది కదా అనుకున్నాను.

గేరులో వదిలితే కారు ఆగుతుందని బావ నమ్మేవాడు కాదు. ఎక్కడ ఆపినా చక్రం కింద రాయి పెట్టేవాడు, ఆ రాయి సీటు కిందే తిరిగేది. ఇంక రాయి అక్కర్లేదు బావా అని దాన్ని కంచెలోకి విసిరేసింది నేనే.

ఇప్పుడు బావ డ్రమ్ము మీద చెయ్యి వేయగానే అది కుండ మీద మూతలా వచ్చేస్తోంది. లోపల బ్రేకు ఆయిలు కారి లైనింగు నిండా జిడ్డు. ఆ జిడ్డులో లివరు ఎంత బిగిసినా చక్రం ఆగదు. నేను తుడుస్తున్నాను, తుడిచే కొద్దీ ఊరుతోంది, చేతిలో గుడ్డ చూస్తే మా అమరక్క చీర కొంగు, తెల్లవారి కట్టుకోవడానికి ఆమెకు ఇంకొకటి లేదని ఎవరో అంటున్నారు.

"ఇంజనీరు సారు డ్రమ్ము ఇప్పేదానికి రెండేండ్లు పట్టె" అని బావ నవ్వుతున్నాడు.

నాకు నవ్వు రావడం లేదు. తోట మిట్ట మీద కారు ఆపి ఆయన కిందికి దిగి గేటు తీస్తుంటే కారు వెనకే జారి వచ్చి ఆయన్ను గేటుకు అదిమేసింది. కేక విని మొదట ఉరికింది నేను. లివరు లేచే ఉంది. కారును వెనక్కి తోయడానికి నా చేత్తోనే దించాను. తర్వాత వచ్చినవాళ్లు దించి ఉన్న లివరును చూసి, అయ్యో, లాగడం మరిచిపోయాడే అన్నారు. నేను కాదనలేదు. ఈ రెండేళ్లలో ఎప్పుడూ అనలేదు.

"బావా, నువ్వు మర్చిపోయినావు కదా?" అని అడుగుతున్నాను. ఒక్కసారి అవునంటే చాలు నాకు.

"నాలుగు టిక్కులు లాగినా. నువ్వు చెప్పినట్టే."

వాలు ఇంకా వంగుతోంది. మీ అక్క ఏమనుకుంటోందని అడుగుతున్నాడు. అందరూ అనుకునేదే అంటున్నాను.

"నేను అట్లా మర్చిపోయే మనిషినా గంగులా?"

జరిగింది చెబితే అక్క నా ముఖం చూడదనీ, పాపను వెంటబెట్టుకుని నా ఇల్లు విడిచి పోతుందనీ, పోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదనీ అంటున్నాను. అన్నీ నిజాలే. అన్నీ నా కోసం చెప్పుకుంటున్నవే.

"అట్లయితే చెప్పొద్దులే" అంటున్నాడు బావ. కోపంగా అన్నా బాగుండేది.

ఆ తర్వాత ఆయన కంచె పొడుగునా వంగి వెతుకుతున్నాడు, ఆ రాయి యాడేసినావురా అంటూ, నేనూ వెతుకుతున్నాను, చేతికి తగిలిందల్లా మెత్తగా పండు టమాటా అయిపోతోంది, కారు మా ఇద్దరినీ దాటి చప్పుడు లేకుండా కిందికి పోతోంది.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చేసింది. మంచం మీద నుంచి చూస్తే పెరట్లో తొట్టి నిండి నీళ్లు పొర్లుతున్నాయి. అక్క పాపను తిడుతోంది.

"మోటరు ఆపేది మర్చిపోతివే. అంతా మీ నాయన మాదిరే."

నేను లేచి వెళ్లి స్విచ్చి ఆపాను.